అంగిలి ముద్ర: అడ్డపొగ వాడల్లో ఐదు నెలల డైరీ

ఆగస్టు, ఆఖరి వారం

నోటి క్యాన్సర్‌ని ముందే పట్టుకోవాలని పెట్టిన మొదటి శిబిరం తుస్సుమంది. బడి వరండాలో రెండు బల్లలు, ఒక బ్యానరు, పన్నెండు బొమ్మల ఫ్లిప్ చార్టు. పొద్దున్న పదింటికి నేను, వాడ ఆశా కార్యకర్త, క్లినిక్‌లో నాకు సాయం చేసే కుర్రాడు కూర్చున్నాం. ఒంటిగంట దాకా వచ్చింది తొమ్మిది మంది. ఏడుగురు మగాళ్ళు, అందరికీ పన్నునొప్పే. అడ్డపొగ తాగే మనిషి ఒక్కరూ రాలేదు. "ఇప్పుడెవరు తాగుతారండీ అది, పాత ముసిలోళ్ళ మాట" అని ఒక పెద్దాయన తేల్చేసి, పన్నుకి గోళీ రాయించుకుని వెళ్ళిపోయాడు.

సామాన్లు ఆటోలో ఎక్కిస్తుంటే బడి వెనక నుంచి చుట్ట వాసన వచ్చింది. తొంగి చూస్తే గోడ నీడన ఇద్దరు మామ్మలు. ఇద్దరి నోళ్ళూ మూసే ఉన్నాయి. పెదాల మధ్య చుట్ట కొస కాస్త బయటికి ఉంది, దానికి నిప్పు లేదు. నిప్పు లోపల ఉంది.

మా ఉత్తరాంధ్ర తీరం ఎరగనివాళ్ళకి ఇది చెబితే నమ్మరు. చుట్ట వెలిగించి, ఆ వెలిగిన కొసనే నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అడ్డపొగ అంటే ఇదే. వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. ఎందుకిలా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కటి చెబుతారు. సముద్రపు గాలికి ఆరిపోదని, చీర మీద నిప్పురవ్వ పడదని, ఒక్క చుట్టే చాలాసేపు వస్తుందని, పన్నునొప్పికి మంచిదని. ఎక్కువమంది చెప్పేది మాత్రం ఒకటే: మాయమ్మ తాగేది. మన దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపలో, నాలుక పక్కనో, చిగుళ్ళ దగ్గరో వస్తుంది. గట్టి అంగిలి మీద రావడం అరుదు. ఇక్కడ అది అరుదు కాదు. లెక్కల్లో మగాళ్ళ జబ్బుగా కనిపించే నోటి క్యాన్సర్ ఈ వాడల్లో ఆడవాళ్ళదీను.

సెప్టెంబరు, మొదటి వారం

నేను శ్రీకాకుళం టౌన్లో పళ్ళ డాక్టర్ని. ఈ పనికి డబ్బులు పెట్టింది నేనూ, నాతో చదువుకున్న నలుగురూ. గార మండలం వైపు తీరంలో నాలుగు వాడలు ఎంచుకున్నాం. వాడల పేర్లు రాయను. "ఫలానా ఊరి ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారట" అని పెళ్ళి సంబంధాల దగ్గర మాట వస్తుందని మొదటి రోజే చెప్పారు.

బడి దగ్గర ఎందుకు రాలేదో ఆశా ఒక్క ముక్కలో చెప్పింది. ఆవిడ ఆ వాడ కోడలే. "పదిగంటలకి ఆడోళ్ళెవరుంటారు మేడం? తట్టలెత్తుకుని ఊళ్ళంట ఎల్పోతారు కదా." ఇది నేను ముందే అడగాల్సిన ప్రశ్న. పడవలు ఒడ్డుకొచ్చి వేలం అయ్యాక చేపల తట్టలతో ఆటోలెక్కితే ఇంటికొచ్చేది మధ్యాహ్నం రెండుకి. మూడు నుంచి పొద్దుగూకే దాకా ఇసక మీద ఎండు నెత్తళ్ళు, కవళ్ళు తిరగేస్తూ, ఏరుతూ ఒక్కచోటే ఉంటారు. బ్యానరు తీసి అటక మీద పడేశాం. ఇక నుంచి మూడింటికి, ఎండుచేపల దగ్గరే, గోనెపట్టా పరుచుకుని.

రాత్రి పాత కాగితాలు తిరగేశాను. మా జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 10,169 మంది అంగిళ్ళు చూసిన సర్వే 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చయింది. అప్పటికి సగానికి కాస్త తక్కువ మంది అడ్డపొగ తాగేవాళ్ళు. తర్వాత బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళ పరిశోధన ఒకటి 1986లో లాన్సెట్‌లో వచ్చింది. శ్రీకాకుళం, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావ్‌నగర్ జిల్లాల్లో పొగాకు వాడే 36,000 మందిని ఏళ్ళ తరబడి చూసి, మానమని చెబుతూ వచ్చారు. చెప్పిన చోట మానినవాళ్ళు ఎక్కువ. అంటే నేనేదో కొత్తగా కనిపెట్టడం లేదు. మా మామ్మల అంగిళ్ళు విదేశీ పత్రికలకెక్కి యాభై ఏళ్ళు దాటింది. ఆ కబురు వాళ్ళ వాడకి ఇంకా చేరలేదు, అంతే.

సెప్టెంబరు, మూడో వారం

కిట్ తయారైంది. తలకి కట్టుకునే టార్చి, నోటి అద్దాలు ఇరవై నాలుగు. క్లినిక్‌లో ఆటోక్లేవ్ చేసి (వేడి ఆవిరితో క్రిములు చంపి) విడివిడి కవర్లలో తెస్తాను. ఇరవై నాలుగు అయిపోతే ఆ రోజుకి దుకాణం కట్టేయడమే, ఎవరు అడిగినా ఇరవై ఐదో నోరు చూడను. అద్దం ఊపిరికి మసకబారుతోంది, అందుకు ఫ్లాస్కులో వేడినీళ్ళు.

అన్నిటికన్నా బాగా పనికొచ్చినది ఏడురోడ్ల కూడలి దగ్గర చేయించిన రబ్బరు స్టాంపు. 180 రూపాయలు. పై దవడ వంపు, మధ్యలో అంగిలి, వెనక కొండనాలిక గుర్తు. పుస్తకంలో పేరు పక్కన ముద్ర కొడతాం, చూసింది చూసిన చోట పెన్నుతో గీస్తాం. తెల్లగా మందం కట్టిన చోటికి నల్ల సిరా. ఆ తెలుపులో లాలాజల గ్రంథుల నోళ్ళు ఉబ్బి కనిపించే చుక్కలకి నీలం సిరా. ఎర్రగా పలచబడిన చోటికీ, మానని పుండుకీ ఎర్ర సిరా. నల్ల, నీలం గీతలు చుట్ట మానేస్తే చాలావరకు తగ్గే రకం. ఎర్ర గీత పడితే ముక్క పరీక్షకి పంపాలి (బయాప్సీ, అంటే అక్కడి నుంచి చిన్న ముక్క తీసి క్యాన్సరేమో చూడటం). ముద్ర లేకముందు నేను రాసిన వాక్యాలు నాకే అర్థమయ్యేవి కావు. ఇప్పుడు పుస్తకం తెరిస్తే ఆశాకీ తెలుస్తుంది ఎవరింటికి ముందు వెళ్ళాలో.

ఇంకో చిన్న మార్పు. "పొగ తాగుతారా?" అని అడిగితే నాలుగు వాడల్లోనూ ఒకటే జవాబు: "ఛీ, నేదమ్మా." మూడోసారికి ఆశా నన్ను పక్కకి నెట్టి తనే అడిగింది. "మామ్మా, సుట్ట లోపలికా, బయటికా?" మామ్మ చేతిలో చేప వదలకుండానే అంది, "లోపలికే. బయటికెట్టుకుంటే మగోళ్ళనాగ ఉంటాది." ఆ రోజు నుంచి మా ఫారంలో మొదటి ప్రశ్న అదే.

మరొకావిడ దూరం నుంచే కేకేసింది. "రక్తం తీస్తారేటి?" తీయమన్నాం. అప్పుడు దగ్గరికొచ్చింది. మా జిల్లాలోనే ఉద్దానంలో కిడ్నీ జబ్బు పేరున ఎవరెవరో వచ్చి సీసాల్లో రక్తం పట్టుకెళ్ళారనీ, వాళ్ళ అక్కగారి రక్తంలో ఏముందో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదనీ అంది. మేమూ ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరి నోరు చూసినా అక్కడే, అప్పుడే, వాళ్ళ భాషలో చెప్పాలి. ఏమీ లేకపోతే ఏమీ లేదనీ చెప్పాలి.

అక్టోబరు

దసరా వారం పని లేదు. నెలాఖర్లో మొంథా తుపాను, హెచ్చరికలు, పడవలన్నీ ఒడ్డున. అప్పుడూ లేదు. మధ్యలో దొరికిన రెండు వారాల్లో ఫ్లిప్ చార్టు సంగతి తేలిపోయింది.

ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మలతో చేశాం దాన్ని. కుళ్ళిన బుగ్గలు, గుట్కా ప్యాకెట్లు, మీసాల మగాళ్ళు. మామ్మలు జాలిపడ్డారు. "పాపం ఎవల బిడ్డో, గుట్కాలు తినీసి ఇలగైపోనాడు." తమ గురించి అనుకోనేలేదు. ఎలా అనుకుంటారు? 2016 నుంచి సిగరెట్, గుట్కా ప్యాకెట్ల మీద 85 శాతం జాగాలో హెచ్చరిక బొమ్మ ఉండాలని రూలు. ఇంట్లో ఆకు చుట్టుకున్న చుట్టకి ప్యాకెట్టే లేదు. సినిమాకి ముందు వేసే ప్రకటనల్లోనూ ఎవరూ నిప్పు నోట్లో పెట్టుకోరు. దేశమంతా పొగాకు మీద పెట్టిన హెచ్చరికలన్నీ ఈ వాడ పక్కనుంచి పోయాయి, ఒక్కటీ లోపలికి దిగలేదు.

రెండో చార్టు వాళ్ళ అంగిళ్ళతోనే చేశాం. ఒప్పుకున్నవాళ్ళవే, మొహం రాకుండా ఫోనుతో తీసి, పెద్దగా ప్రింటు వేయించి. కాస్త నయం. కానీ అసలు పని చేసింది ఇంకొకటి. ఒక మామ్మ "నా నోట్లో ఏటున్నాదే, పళ్ళే నేవు" అని నవ్వుతుంటే, కుర్రాడు పక్కింటి నుంచి బొట్టు పెట్టుకునే అద్దం తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. నోట్లో నా అద్దం, చేతిలో ఆవిడ అద్దం, నా తల మీద టార్చి. డెబ్బై ఏళ్ళకి మొదటిసారి ఆవిడ తన అంగిలి చూసుకుంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఓలమ్మ. కాలిపోయిన అట్టులాగున్నాదే" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా తమ నోళ్ళూ చూపించమని మీదపడ్డారు. ఆ రోజు ఇరవై నాలుగు అద్దాలూ ముప్పావుగంటలో అయిపోయాయి.

బుగ్గలో పుండు నాలుకకి తెలుస్తుంది, అద్దంలో కనిపిస్తుంది. అంగిలి ఎవరికీ కనిపించదు, అది మొద్దుబారి నొప్పీ పుట్టదు. పదేళ్ళుగా నేను "అవగాహన, అవగాహన" అంటూ తిరిగాను. వాళ్ళకి కావలసింది అద్దమూ వెలుతురూ.

నవంబరు, రెండో వారం

పుస్తకంలో 143 ముద్రలు. ఎర్ర సిరా పడ్డవి ఆరు. ఆరుగురికీ చీటీలు రాసి, ముక్క పరీక్షకి వెళ్ళమని చెప్పి పదిహేను రోజులైంది. వెళ్ళింది సున్నా.

కోపం వచ్చింది. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, వాడ మధ్యలో నిలబడి ఒకావిడ మీద అరిచాను కూడా. "ప్రాణం మీదికి వస్తే అప్పుడు లగెడతారా?" అని. ఆవిడకి యాభై రెండేళ్ళు. అంగిలి కుడిపక్క చిటికెన గోరంత ఎర్రమచ్చ. నిజం చెప్పాలంటే ఆరుగురిలో నాకు ఎక్కువ భయం వేసింది ఆ మచ్చకే. ఆవిడ ఏమీ అనలేదు, చేపలు తిరగేస్తూ ఉండిపోయింది.

సాయంత్రం ఆశా నన్ను ఆటో దాకా సాగనంపుతూ ఒక్కొక్కరి సంగతీ చెప్పింది. ఒకావిడకి, ముక్క తీస్తే జబ్బు ఒళ్ళంతా పాకుతుందని ఎవరో చెప్పారు. వాడలో మందులిచ్చే ఆర్‌ఎంపీ డాక్టరు ఇచ్చిన బీకాంప్లెక్స్ గోళీలు ఇంకో పది రోజులకి ఉన్నాయి, అవి అయ్యాక చూద్దామని ఇంకొకావిడ. ఒకరికి కోడలు పురిటికి వచ్చింది. నేను అరిచిన ఆవిడకి శనివారం డ్వాక్రా వాయిదా, మనవరాలిని చూసే దిక్కు లేదు, మొగుడు గుజరాత్‌లో వేరావల్ బోటు మీద ఉన్నాడు. ఇక్కడ వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఆ తర్వాత మా మగాళ్ళు సగం మంది గుజరాత్ బోట్ల మీదికి వెళ్ళిపోతారు, తిరిగొచ్చేది వేసవికే. బోటు సముద్రంలోకి పోతే ఇరవై రోజులు ఫోను కలవదు. "మావఁకి ఒక మాట సెప్పకుండా ఆస్పత్రికెలా ఎల్తాను, ఏదైనా అయితే?" అని ఆవిడ ఆశాతో అందట. నాతో అనలేదు. నేను అడగలేదు.

చీటీ మీద నేను రాసింది రెండు ముక్కలు: బయాప్సీ, అర్జెంట్. ఆవిడకి కావలసింది నాలుగో ఐదో వేరే ముక్కలు. ఏ బస్సు, ఎంతసేపు, ఎన్నిసార్లు తిరగాలి, ఎవరు తోడు, ఆ రోజు తట్ట ఎవరు మోస్తారు. సర్కారు ఆరోగ్య కార్డు ఆపరేషన్‌కి పనికొస్తుంది, కరెంటుకి పనికొస్తుంది (రేడియేషన్‌ని ఇక్కడ కరెంటు పెట్టడం అంటారు). పోయిన రోజు బేరానికి ఏ కార్డూ లేదు.

నవంబరు, ఆఖరి వారం

పథకం మార్చాం. ఫ్లిప్ చార్టుకని ఉంచిన డబ్బంతా తోడుకి మళ్ళించాం. వారానికి ఒక రోజు, మంగళవారం. ఎర్ర సిరా వాళ్ళతో ఆశా గానీ, మా కుర్రాడి వాళ్ళమ్మ గానీ పొద్దున్నే బస్సెక్కి, సాయంత్రం దించి వస్తారు. తోడు వెళ్ళినవాళ్ళకి రోజు కూలీ ఇస్తాం. వెళ్ళినావిడ తట్ట ఆ రోజు పక్కింటావిడ అమ్ముతుంది, డబ్బు మాత్రం వెళ్ళినావిడకే. ఈ చివరిది మా ఆలోచన కాదు, వాడ ఆడవాళ్ళు పెట్టిన షరతు. చుట్టాలింట్లో చావు జరిగితే వాళ్ళు ఎప్పటినుంచో చేసుకునే ఏర్పాటే. దీనికీ వర్తింపచేశారు.

2025 ఆగస్టు 15 నుంచి మా రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. అది లేకపోతే ఈ లెక్క కుదిరేది కాదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు మాత్రం చేతిలో ఉండాలి.

ఆర్‌ఎంపీ దగ్గరికి నేనే వెళ్ళాను. పోట్లాడటానికి కాదు. వాడలో నోటిపుండు వస్తే మొదట చూసేది ఆయనే, నా కన్నా ఇరవై ఏళ్ళ ముందు నుంచి. ఒక్క మాటే అడిగాను: గోళీలు మీరే ఇవ్వండి, రెండు వారాలకి పుండు మానకపోతే మాత్రం ఈ నంబరుకి చేయండి. టీ ఇచ్చాడు. మరుసటి వారం ఇద్దరిని పంపాడు. ఒకరిది ఊడబోయే పన్ను గీరుకున్న పుండు. రెండోది మా పుస్తకంలో ఏడో ఎర్ర సిరా.

డిసెంబరు

మొదటి మంగళవారం నేనూ వెళ్ళాను, నేను అరిచిన ఆవిడతో. ఆవిడ మొగుడి బోటు ఒడ్డుకొచ్చి ఫోను కలిసింది. ఆయన అన్నది ఇంతే: "డాక్టరమ్మ కూడా ఒస్తాదా? అయితే ఎల్లు."

ఆసుపత్రి పేరు ఎందుకులెండి. మొదటి రోజు ఓపీ చీటీకి వరస, డాక్టరు చూసి ముక్కకి ఇంకో రోజు రమ్మన్నారు. రెండో మంగళవారం ముక్క తీశారు, అంగిలి మొద్దుబారడానికి సూది, రెండు కుట్లు, ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల కోసం మొత్తం రెండు రోజులు. మూడోసారి రిపోర్టుకి. కిటికీ దగ్గర కుర్రాడు "ఇంకా రాలేదు, రేపు రండి" అన్నాడు. నేను పళ్ళ డాక్టర్నని చెబితే పది నిమిషాల్లో వచ్చింది. నేను లేకపోతే ఆవిడకి అది నాలుగో బస్సు. ఆరుగురూ ఎందుకు వెళ్ళలేదో బెంచీ మీద కూర్చుంటే గానీ నాకు బోధపడలేదు.

రిపోర్టు: క్యాన్సర్ కాదు, కానీ కణాలు ఆ దారి పట్టాయి. మచ్చ మొత్తం తీసేయాలి, చుట్ట మానాలి, మూడు నెలలకోసారి చూపించుకోవాలి. తిరుగు బస్సులో ఆవిడ కొంగుముడి విప్పి జామకాయ ఇచ్చింది. నేను అరిచిన సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఏడో ఎర్ర సిరా ఆవిడది మాత్రం క్యాన్సరే. అంగిలి దాటి పై దవడ ఎముకలోకి పోయింది. విశాఖ పంపాం, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి. ఇక్కడి నుంచి వైజాగ్ కాంప్లెక్సుకి వంద కిలోమీటర్ల పైమాటే, అక్కడ దిగి గాజువాక దాటి ఇంకో బస్సు. ఆపరేషన్, తర్వాత కరెంటు, వారాల తరబడి అక్కడే ఉండాలి. కొడుకు వేరావల్ నుంచి వస్తున్నాడు. మూడు నెలలు బీకాంప్లెక్స్ మింగిందావిడ. ఆ మూడు నెలల్లో రెండు నెలలు మేమూ అదే వాడలో గోనెపట్టా పరిచాం. ఆవిడ ఇల్లు రెండో వరసలో ఉంది, ఎండుచేపల దగ్గరికి వచ్చే మనిషి కాదు, మోకాళ్ళ నొప్పులతో ఇల్లు కదలదు. ఇప్పుడు మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి నెలకి ఒక పూట కేటాయించాం.

జనవరి, సంక్రాంతి ముందు

నోరు చూపించాక ఆడవాళ్ళు నన్ను పక్కకి లాగి వేరే సంగతులు చెబుతున్నారు. రొమ్ములో గడ్డ, ముట్లు ఆగాక మళ్ళీ రక్తం. నేను పళ్ళ డాక్టర్ననే పట్టింపు వాళ్ళకి లేదు. ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం మూడూ చూడాలని సర్కారు కార్యక్రమం ఉంది. గర్భాశయానికి చేసేది వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పలచగా పూసి, ఒక నిమిషం ఆగి, తెల్లబడిందేమో చూడటం. అంతే, కోత లేదు. ఆరోగ్య కేంద్రంలో ఏఎన్‌ఎం నర్సు గారితో మాట్లాడి గురువారం ఒక పూట ఆడవాళ్ళకే అని ఒప్పందం చేసుకున్నాం. మొదటి గురువారం నలుగురు వెళ్ళారు. ఆ నలుగురినీ తీసుకెళ్ళింది కాలిపోయిన అట్టు మామ్మ.

ఆవిడ చుట్ట మానిందా అని అడక్కండి. "ఇప్పుడు బయటికే కాలుస్తన్నాను డాక్టరమ్మా, నువ్వు సెప్పినావని" అంది గర్వంగా. నేను అలా చెప్పలేదు. అంగిలికి మేలే, ఊపిరితిత్తుల మాటేమిటని మొదలుపెడితే, నెత్తళ్ళ పొట్లం నా చేతిలో పెట్టి మాట మార్చేసింది. పుస్తకంలో ఆవిడ ముద్ర పక్కన "బయటికి" అని రాశాను. అది గెలుపో ఓటమో ఏ సిరాతో రాయాలో తెలియక పెన్సిల్‌తో రాశాను.

ఇవాళ్టికి 211 ముద్రలు. ఎర్ర సిరా తొమ్మిది. ముక్క పరీక్ష అయినవి ఆరు. పూర్తిగా మానామని చెప్పినవాళ్ళు పద్నాలుగు మంది, అందులో నేను నమ్మేది ఎనిమిది మందిని.

పండగ వారం బస్సులు కిక్కిరిసి ఉంటాయి, అందుకని ఒక మంగళవారం వదిలేస్తున్నాం. ఆ పై మంగళవారానికి మిగిలిన ముగ్గురూ పేర్లిచ్చారు. ఒకావిడ ఆధార్ కార్డు సోంపేటలో కూతురి దగ్గర ఉండిపోయింది. పండక్కి అల్లుడు వచ్చేటప్పుడు తెమ్మని ఫోను చేయించాలి.